ప్లానార్ హెడ్‌ఫోన్లలో సౌండ్ వేరు, కంఫర్ట్ వేరు అనుకోవడం దగ్గరే తేడా కొడుతుంది

లక్ష రూపాయలు దాటిన హెడ్‌ఫోన్ కొనాలనుకునేవాళ్ళు చాలామంది ఒకే లెక్క వేసుకుంటారు, సౌండ్‌కి ఇన్ని మార్కులు, కంఫర్ట్‌కి ఇన్ని మార్కులు, కలిపితే ఏది ఎక్కువొస్తే అది. మామూలు హెడ్‌ఫోన్ల దగ్గర ఈ లెక్క కొంతవరకు నడుస్తుందేమో గానీ ప్లానార్ మాగ్నెటిక్‌ల దగ్గర నడవదు. ఎందుకంటే వీటిలో హెడ్‌ఫోన్ తల మీద ఎలా కూర్చుందో దాన్ని బట్టే సౌండ్ మారిపోతుంది. ప్యాడ్ చెవి చుట్టూ సరిగ్గా అతుక్కోలేదా, అడుగు బేస్ పోతుంది. బరువుకి కప్పు కాస్త కిందికి జారిందా, ట్రెబుల్ (సన్నని పై శబ్దాలు) మారుతుంది. నాలుగు లక్షల హెడ్‌ఫోన్ కూడా తలకి కుదరకపోతే యాభై వేల దాని ముందు తేలిపోతుంది, ఇది ఎక్కువ చేసి చెప్పే మాట కాదు, కొలిస్తే గ్రాఫ్‌లో కనపడే సంగతి.

ముందు అసలు ప్లానార్ అంటే ఏంటో చూడాలి. మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్లో చిన్న కోన్ ఉంటుంది, దాని వెనక రాగి తీగ చుట్ట, కరెంటు వెళ్ళినప్పుడు ఆ చుట్ట ముందుకీ వెనక్కీ కదిలి కోన్‌ని తోస్తుంది. తోపు పడేది ఒక్కచోటే, మిగతా కోన్ అంతా దాని వెంట పోవాలి. ప్లానార్‌లో ఆ చుట్ట ఉండదు. వెంట్రుక కంటే చాలా సన్నగా ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద లోహపు గీతలు మెలికలు తిప్పుతూ పరిచి, ఆ ఫిల్మ్‌ని బిగించి కట్టి, దాని పక్కన అయస్కాంతాల పట్టీలు వరసగా పెడతారు. గీతల్లో కరెంటు పారగానే ఫిల్మ్ దాదాపు మొత్తం ఒకేసారి కదులుతుంది. వినడానికి చాలా సింపుల్‌గా ఉంది కదా, చిక్కంతా అయస్కాంతాల దగ్గరే, ఫిల్మ్ ఎంత పెద్దదైతే అంత మేరా అయస్కాంతం పరవాలి, అయస్కాంతం అంటే బరువు.

ఈ టెక్నాలజీ కొత్తదేం కాదు. యమహా 1976లోనే హెచ్‌పీ-1 అనే మోడల్ తెచ్చింది, దాని డిజైన్ చేసింది ఇటలీకి చెందిన మారియో బెల్లీని. కానీ అప్పటి అయస్కాంతాల్లో అంత బలం లేదు. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక గానీ తక్కువ సైజులో ఎక్కువ బలం దొరకలేదు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు జపాన్‌కి చెందిన ఫోస్టెక్స్ తప్ప దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2008లో కాలిఫోర్నియాలో ఆడిజీ మొదలవడం, దాదాపు అదే కాలంలో డాక్టర్ ఫాంగ్ బియాన్ పెట్టిన హైఫైమాన్ పుంజుకోవడం, ఈ రెండింటితో కథ మారింది. డాన్ క్లార్క్ అయితే ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీని విప్పి మార్చి అమ్మడంతో మొదలుపెట్టి ఇవాళ నాలుగు వేల డాలర్ల హెడ్‌ఫోన్లు చేసే స్థాయికి వచ్చాడు. ఆడిజీని 2023లో సోనీ గేమింగ్ కంపెనీ కొనేసింది, అంటే ఇది ఇక నలుగురు ఔత్సాహికుల వ్యవహారం కాదు.

ఇక ప్లానార్ ఏం ఇస్తుంది అంటే, మొదట చెప్పుకోవాల్సింది బేస్. బేస్ ఎక్కువ ఉంటుందని కాదు, అడుగు దాకా దిగుతుందని. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఎంతో మంచి ఓపెన్ బ్యాక్ (కప్పు వెనక జాలీ ఉండే) హెడ్‌ఫోన్, గొంతులు వినడానికి ఇప్పటికీ దానికి దీటైనవి తక్కువే, కానీ వంద హెర్ట్జ్ (అంకె తగ్గేకొద్దీ నాదం లోతు) కింద నుంచి దాని బేస్ మెల్లగా దిగజారుతుంది, 30 హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి బాగా పడిపోతుంది. మంచి ప్లానార్ మాత్రం సీల్ (ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా అతుక్కోవడం) సరిగ్గా ఉంటే 20 హెర్ట్జ్ దాకా దాదాపు గీత గీసినట్టు వెళ్తుంది. కచేరీ రికార్డింగ్ పెట్టి మృదంగం ఎడమ వైపు మీద ధ్యాస పెడితే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఆ వైపు తడి రవ్వ ముద్ద అంటించి వాయిస్తారు కదా, చేత్తో నొక్కుతూ వాయించినప్పుడు ఆ నాదం కింది నుంచి పైకి సాగుతుంది, మామూలు ఓపెన్ బ్యాక్‌లో ఆ సాగుడు వినిపిస్తుంది గానీ దాని అడుగు వినపడదు, ఎక్కడో మధ్యలో మొదలైనట్టు ఉంటుంది. ప్లానార్‌లో దెబ్బ మొదలు నుంచి చివరిదాకా మొత్తం ఉంటుంది, పైగా వాల్యూమ్ పెంచినా బేస్‌లో డిస్టార్షన్ (శబ్దం వికృతమవడం) చాలా తక్కువ కాబట్టి ముద్దగా అవదు.

రెండోది ఇంపీడెన్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి చూపే అడ్డు, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు గానీ ముఖ్యమైనదే. డైనమిక్ హెడ్‌ఫోన్‌కి ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది, హెచ్‌డీ 600 పేరుకి 300 ఓమ్స్ అయినా బేస్‌లో ఒకచోట 500 దాటిపోతుంది, అందుకే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువున్న ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పెడితే సౌండ్ రంగు మారుతుంది. ప్లానార్‌ది దాదాపు అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకటే. కాబట్టి ఏ ఆంప్‌కి పెట్టినా దాని టోన్ మారదు, పవర్ చాలుతుందా లేదా అన్నదే ప్రశ్న. "ఈ ఆంప్‌తో ప్లానార్ వెచ్చగా ఉంది, ఆ ఆంప్‌తో చల్లగా ఉంది" అనే మాటల్లో చాలావరకు వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చినవే.

మరి "ప్లానార్ ఫాస్ట్" అనే మాట సంగతి? ఇది ప్రతిచోటా వినపడుతుంది, ఫిల్మ్ సన్నం కాబట్టి త్వరగా కదిలి త్వరగా ఆగుతుంది అని. నిజానికి హెడ్‌ఫోన్లు చాలావరకు మినిమమ్ ఫేజ్ సిస్టమ్స్, అంటే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ స్థాయి శబ్దం ఎంత గట్టిగా వస్తుందనే గ్రాఫ్) తెలిస్తే అది ఎంత త్వరగా స్పందిస్తుందో కూడా అందులోనే వచ్చేస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దాకా పలికే ఏ డయాఫ్రమ్ అయినా కావాల్సినంత ఫాస్టే. "ఫాస్ట్"గా అనిపించడానికి అసలు కారణం బేస్‌లో ఉబ్బు లేకపోవడం, డిస్టార్షన్ తక్కువుండటం, పై మిడ్స్ (మధ్య శబ్దాల్లో పై భాగం), ట్రెబుల్ కాస్త ముందుకుండటం. ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, వేగమే గొప్ప అనుకుంటే సన్న ఫిల్మ్ ఎవరిదైతే వాళ్ళదే గొప్ప అనుకుని డబ్బులు పోస్తాం, ట్యూనింగే గొప్ప అని తెలిస్తే ఏ ట్యూనింగ్ మన చెవికి పడుతుందో వెతుక్కుంటాం.

ట్యూనింగ్ అంటే ఇక్కడ ప్రధానంగా ఒకటి నుంచి ఐదు కిలోహెర్ట్జ్ మధ్య ఏం జరుగుతోందనేది. మనిషి చెవి రంధ్రమే సుమారు 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని బాగా పెంచుతుంది, పుట్టినప్పటి నుంచి మనం అలాగే వింటున్నాం, కాబట్టి హెడ్‌ఫోన్ కూడా ఆ ఎత్తుని చెవికి అందించాలి. హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం 2013 నుంచి చేసిన పరిశోధనల్లో ఎక్కువమందికి నచ్చే టార్గెట్ కర్వ్ (సౌండ్ ఎలా ఉండాలో చూపే గ్రాఫ్) ఒకటి తేల్చారు, దాంట్లో ఈ 3 కిలోహెర్ట్జ్ ఎత్తుతో పాటు అడుగు బేస్‌లో కూడా కాస్త ఎత్తు ఉంటుంది. హై ఎండ్ ప్లానార్లు ఎవరికి వాళ్ళు ఈ కర్వ్‌కి దూరంగానో దగ్గరగానో వెళ్తారు, ఆ దూరమే వాటి వ్యక్తిత్వం.

ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్‌తో మొదలుపెడదాం, 2013 నుంచి మార్కెట్లో ఉంది, 1,700 డాలర్లకి మొదలై తర్వాత క్రియేటర్ ఎడిషన్ పేరుతో 1,200కి దిగింది. 106 మిల్లీమీటర్ల డ్రైవర్ (శబ్దం పుట్టించే ఫిల్మ్, అయస్కాంతాల భాగం), దాని బేస్ గురించి ఎవరూ వంక పెట్టలేరు, అడుగు దాకా గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. కానీ 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంటుంది, దాంతో పాట పాడేవాళ్ళు రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడినట్టు వినిపిస్తారు, ఆడ గొంతుల్లో ఆ మెరుపు తగ్గుతుంది, వయొలిన్ వాసి తగ్గినట్టు ఉంటుంది. గంటల తరబడి వినే వాళ్ళకి ఇది వరమే, చెవికి ఎక్కడా గుచ్చుకోదు. కానీ ఆ గంటల తరబడి వినడానికే బరువు అడ్డం పడుతుంది, 612 గ్రాములు. అరకిలో దాటిన వస్తువు తల మీద పెట్టుకుని కూర్చుంటే మొదటి పాటకి తెలీదు, గంట దాటాక మెడ వెనక కండరాలకి తెలుస్తుంది, తల కాస్త వంచి ఫోన్ చూసే అలవాటున్నవాళ్ళకి ఇంకా ముందే తెలుస్తుంది. సోఫాలో వెనక్కి వాలి తల ఆనించి వినేవాళ్ళకైతే ఈ బరువు పెద్ద సమస్య కాదు, డెస్క్ దగ్గర పని చేసుకుంటూ వినేవాళ్ళకి మాత్రం నిజంగా సమస్యే.

ఇక్కడే బరువుకీ సౌండ్‌కీ లంకె పడేది. బరువైన హెడ్‌ఫోన్ నెత్తి మీద నొక్కుతుంటే చేయి తెలీకుండానే దాన్ని సర్దుతూ ఉంటుంది, కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి, ప్రతి సర్దుడుకీ డ్రైవర్ చెవికి ఎదురుగా ఉండే కోణం మారుతుంది. ట్రెబుల్‌లో తరంగాల పొడవు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లే కాబట్టి ఒక్క సెంటీమీటర్ జరిగినా 8 కిలోహెర్ట్జ్ పైన గ్రాఫ్ మొత్తం మారిపోతుంది. సౌకర్యంగా లేని హెడ్‌ఫోన్ ఒకే పాటని అరగంట తేడాలో రెండు రకాలుగా వినిపిస్తుంది అంటే కారణం ఇదే.

హైఫైమాన్‌ది దీనికి పూర్తిగా వేరే దారి. ఆర్య, హెచ్ఈ1000, సుస్వర, కింద ఎడిషన్ ఎక్స్‌ఎస్ వరకూ ఒకే కుటుంబం పోలిక. సుస్వర కప్పులు గుండ్రంగా ఉంటాయి, మిగతావి చెవి ఆకారంలో పొడుగ్గా, కోడిగుడ్డు ఆకారంలో. ఆర్య సుమారు 404 గ్రాములు, ఎడిషన్ ఎక్స్‌ఎస్ 405, ఎల్‌సీడీ-ఎక్స్ కంటే రెండొందల గ్రాములు తక్కువ, ఇది చిన్న తేడా కాదు. సౌండ్‌లో ఒకటి నుంచి రెండు కిలోహెర్ట్జ్ మధ్య చిన్న గుంట, ఆ పైన ట్రెబుల్ కాస్త చురుకు. ఆ గుంట వల్లే వీటి స్టేజ్ అంత వెడల్పుగా అనిపిస్తుంది, వాద్యాలు తలలో కాకుండా తల బయట అటూ ఇటూ సర్దుకుని కూర్చున్నట్టు ఉంటాయి. వెనక తంబూరా శ్రుతి పెట్టిన రికార్డింగ్‌లో ఆర్య చేసే పని చూడాలి, తీగ కింద జీవా దారం వల్ల పుట్టే ఆ సన్నని ఝుంకారం పొరలు పొరలుగా విడిపోయి గాయకుడి వెనక తెరలా నిలబడుతుంది, ఎల్‌సీడీ-ఎక్స్‌లో ఇదే తంబూరా బాగానే ఉంటుంది గానీ ఒకే ముద్దగా ఉంటుంది. దీని మూల్యం ఏంటంటే స, ష అక్షరాలు గట్టిగా పలికిన రికార్డింగులు, మిక్సింగ్ సరిగ్గా లేని కొత్త సినిమా పాటలు ఆర్యలో చెవికి గుచ్చుకుంటాయి. రికార్డింగ్ బాగుంటే స్వర్గం, బాలేకపోతే అరగంటకే తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది.

ఆర్య హెడ్‌బ్యాండ్ కింద వెడల్పైన పట్టీ ఒకటి వేలాడుతుంది, నెత్తి మీద బరువు ఆ పట్టీ మీద పరుచుకుంటుంది, నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద చుట్టకుదురు పెట్టుకున్నట్టే, బరువు అదే అయినా ఒక్కచోట గుచ్చుకోదు. ఎడిషన్ ఎక్స్‌ఎస్‌లో ఆ పట్టీ లేదు, మామూలు మెత్త హెడ్‌బ్యాండ్, కప్పులు అటూ ఇటూ తిరగవు కూడా. అందుకే ఒక గ్రాము తేడా ఉన్న రెండు హెడ్‌ఫోన్లు తల మీద పూర్తిగా వేరుగా ఉంటాయి. చిన్న తల ఉన్నవాళ్ళకి ఈ పొడుగు కప్పులతో ఇంకో చిక్కు, కింది అంచు దవడ దాటి మెడ మీదకి వస్తుంది, అక్కడ చర్మం లోపలికి వంగి ఉంటుంది కాబట్టి ప్యాడ్‌కీ మెడకీ మధ్య సందు పడుతుంది, ఆ సందులోంచి బేస్ కారిపోతుంది. "ఆర్యలో బేస్ లేదు" అని ఒకరు, "బ్రహ్మాండంగా ఉంది" అని ఇంకొకరు కొట్లాడుకుంటుంటే ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు, తలలు వేరు.

ఈ లీక్ ఉందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. యూట్యూబ్‌లోనో టోన్ జనరేటర్ యాప్‌లోనో 30 హెర్ట్జ్ టోన్ మెల్లగా పెట్టాలి, హెడ్‌ఫోన్ మామూలుగా పెట్టుకుని, తర్వాత రెండు చేతులతో కప్పుల్ని చెవి కింద, దవడ వెనక భాగంలో మెత్తగా నొక్కాలి. నొక్కగానే టోన్ గట్టిపడితే అక్కడ సందు ఉన్నట్టే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఒకసారి జోడుతో, ఒకసారి తీసి చూడాలి, కణత దగ్గర జోడు కాడ ప్యాడ్‌ని కొద్దిగా ఎత్తి పెడుతుంది, కాడ లావుగా ఉంటే తేడా స్పష్టంగా వినపడుతుంది. ఒత్తైన జుట్టు, చెవులకి పెద్ద కమ్మలు కూడా ఇదే పని చేస్తాయి. రెండు మూడు లక్షలు పెట్టేముందు ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ఎవరి రివ్యూ చదివినా ఉపయోగం లేదు.

కంఫర్ట్ విషయంలో అందరూ ఒప్పుకునే పేరు రొమేనియా కంపెనీ మెజె చేసిన ఎంపిరియన్. 2018లో మూడు వేల డాలర్ల ధరతో వచ్చింది, 430 గ్రాములు, కార్బన్ ఫైబర్ ఫ్రేమ్, నెత్తి మీద రెక్కల్లా విచ్చుకునే తోలు పట్టీ. బరువు ఆర్య కంటే ఎక్కువే, కానీ పెట్టుకుంటే తక్కువున్నట్టు అనిపిస్తుంది, అంకె ఒక్కటే చూసి కొనకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. డ్రైవర్ ఉక్రెయిన్‌లోని రినారో తయారీ, ఒకే ఫిల్మ్ మీద రెండు రకాల గీతలు, పై భాగంలో మెలికల గీతలు బేస్ కోసం, చెవి రంధ్రానికి ఎదురుగా సుడి ఆకారంలో గీతలు మిడ్స్ ట్రెబుల్ కోసం. ప్యాడ్లు అయస్కాంతంతో టక్కున అతుక్కుంటాయి, తీసి పెట్టడం ఒక్క సెకను పని. సౌండ్ మాత్రం వెచ్చగా, బేస్ పుష్టిగా, పై మిడ్స్‌లో తగ్గుదలతో ఉంటుంది, డీటెయిల్ కోసం మూడు వేల డాలర్లు పెట్టేవాళ్ళు నిరాశపడతారు, రాత్రి పూట పాటలు పెట్టుకుని పడుకునేవాళ్ళు దీన్ని వదలరు. 2021లో వచ్చిన ఎలీట్, 2023లో 385 గ్రాములకి తగ్గించి తెచ్చిన ఎంపిరియన్ టూ ఆ వెచ్చదనాన్ని కొంత సర్దాయి. ఎంపిరియన్ టూ ఈ మొత్తం గుంపులో పూర్తి పని రోజు పెట్టుకోగలిగిన వాటిల్లో ముందుంటుంది.

ఆడిజీ కూడా బరువు గురించి విని ఊరుకోలేదు. 2021లో ఎల్‌సీడీ-5 తెచ్చారు, 4,500 డాలర్లు, అంటే డ్యూటీలు కాకుండానే మూడున్నర లక్షలకి పైన, డ్రైవర్ 90 మిల్లీమీటర్లకి తగ్గించి మొత్తం బరువు 420 గ్రాములకి తెచ్చారు. సౌండ్ పాత ఎల్‌సీడీలకి తలకిందులు, పై మిడ్స్ ముందుకు తోసుకొస్తాయి, గొంతులోని ప్రతి గరుకూ వినపడుతుంది, మిక్సింగ్ చేసేవాళ్ళకి పనికొచ్చే హెడ్‌ఫోన్ ఇది. కానీ బిగింపు గట్టిది, ప్యాడ్ లోపల చోటు తక్కువ, చెవులు పెద్దవైతే అంచుకి తగులుతాయి. బరువు తగ్గించారు సరే, ఆ హాయి ఇంకోచోట పోయింది. సౌండ్ ఇంజనీర్ మానీ మరోక్విన్‌తో కలిసి చేసిన ఎంఎం-500, 495 గ్రాములు, 1,700 డాలర్లు, ఇదే దారిలో డబ్బుకి ఎక్కువ న్యాయం చేసే మోడల్, దాని బిగింపు కూడా తక్కువేం కాదు.

డాన్ క్లార్క్ ఆడియో వాళ్ళ స్టెల్త్ ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఎందుకంటే అది క్లోజ్డ్ బ్యాక్. మిగతావన్నీ దాదాపు ఓపెన్ బ్యాక్, వెనక జాలీ, మన పాట బయటికి వినపడుతుంది, బయటి శబ్దం లోపలికి వస్తుంది. మన ఇళ్ళల్లో తల మీద సీలింగ్ ఫ్యాన్ తిరగకుండా ఉండేది ఏ రెండు నెలలో, ఆ గాలి హోరు సన్నని డీటెయిల్‌ని మింగేస్తుంది, తంబూరా చివరి ఝుంకారం ఎంత బాగా వస్తుందో అని నాలుగు వేల డాలర్ల ఓపెన్ బ్యాక్ తెచ్చుకుని ఫ్యాన్ కింద వింటే ఆ డబ్బు సగం ఫ్యాన్‌కి పోయినట్టే. స్టెల్త్ 2021లో వచ్చింది, 415 గ్రాములు, డ్రైవర్‌కీ చెవికీ మధ్య మెటామెటీరియల్ అని చెప్పే గూళ్ళ అమరిక ఒకటి పెట్టి పై ఫ్రీక్వెన్సీల్లో ప్రతిధ్వనుల్ని అణిచేస్తారు, హార్మన్ కర్వ్‌కి చాలా దగ్గరగా వెళ్తుంది. దీని ఓపెన్ రూపం ఎక్స్‌పాన్స్ 2022లో వచ్చింది. స్టెల్త్ ధరలో సగానికి ఈ3 అనే క్లోజ్డ్ బ్యాక్ 2023లో వచ్చింది, నిజం చెప్పాలంటే మన ఇళ్ళకి స్టెల్త్ కంటే ఈ3 తెలివైన కొనుగోలు.

ఇక సుస్వర. 2017లో ఆరు వేల డాలర్ల ధరతో వచ్చింది, 450 గ్రాములు, హెడ్‌ఫోన్ల ప్రపంచంలో అందరూ ఒక్కసారైనా వినాలనుకునేది. టోన్‌లో ఆర్యలోని గుచ్చుడు లేకుండా ఆ వెడల్పు ఉంటుంది, దీని గొప్పతనం నిజమే. అడ్డంకి పవర్. దీని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందనేది, ఒక మిల్లీవాట్‌కి 83 డీబీ (డెసిబెల్స్), ఎల్‌సీడీ-ఎక్స్‌ది 103. ఇరవై డీబీ తేడా అంటే వంద రెట్లు పవర్. లెక్క వేస్తే, పాటలో పెద్ద దెబ్బలు 110 డీబీ దాకా రావాలంటే ఎల్‌సీడీ-ఎక్స్‌కి 5 మిల్లీవాట్లు, వోల్టేజ్ చూస్తే మూడో వంతు వోల్ట్ కూడా అక్కర్లేదు, ఫోన్‌కి పెట్టుకునే చిన్న డాంగిల్ చాలు. సుస్వరకి అర వాట్, 60 ఓమ్స్‌కి అయిదున్నర వోల్ట్‌లు కావాలి, 115 డీబీ కావాలంటే 1.6 వాట్లు. దీన్ని బట్టి రెండు మాటలు తేలతాయి. డాంగిల్‌తో సుస్వర నడవదు. అలాగే స్పీకర్లు నడిపే వంద వాట్ల ఆంప్ తప్పనిసరి అనేది కూడా నిజం కాదు, 32 ఓమ్స్‌కి వాట్ ఇచ్చే, వంద డాలర్లకి వచ్చిన జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ లాంటి ఆంప్ కూడా మామూలు వినికిడికి దీన్ని సరిపడా నడుపుతుంది. ఆరు వేలు హెడ్‌ఫోన్‌కి పెట్టి ఇంకో ఆరు వేలు ఆంప్‌కి పెట్టేముందు ఈ లెక్క వేసుకోవాలి.

సెన్సిటివిటీకి ఈక్యూతో (ఈక్వలైజర్‌తో ఏ శబ్దం ఎంత ఉండాలో మార్చుకోవడంతో) కూడా సంబంధం ఉంది. ప్లానార్లకి డిస్టార్షన్ తక్కువ కాబట్టి ఈక్యూ బాగా పడుతుంది, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఎల్‌సీడీ-ఎక్స్‌లో 3, 4 కిలోహెర్ట్జ్ మధ్య నాలుగైదు డీబీ ఎత్తి, ప్రీఆంప్ (యాప్‌లో మొత్తం వాల్యూమ్) అంతే తగ్గిస్తే వెనక్కి వెళ్ళిన గొంతు ముందుకొచ్చి కూర్చుంటుంది, ఆ ఒక్క మార్పుతో 1,200 డాలర్ల హెడ్‌ఫోన్ దానికి రెట్టింపు ధర వాటితో పోటీ పడుతుంది. ఆర్యలో ట్రెబుల్ కొంచెం దించితే స, ష బాధ చాలావరకు పోతుంది. కానీ ఆరు డీబీ ఎత్తాలంటే నాలుగు రెట్లు పవర్ కావాలి, సుస్వరలో బేస్ ఎత్తడం మొదలుపెడితే పై లెక్క మొత్తం తిరగబడుతుంది. ఈక్యూతో సరిచేయలేనిది ఒక్కటే, సీల్. కారిపోతున్న బేస్‌ని ఈక్యూతో ఎత్తితే తల కదిలినప్పుడల్లా బేస్ వస్తూ పోతూ ఉంటుంది. ట్యూనింగ్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, తలని మార్చుకోలేం, కాబట్టి రెండింట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే ఫిట్‌ని పట్టుకుని ట్యూనింగ్‌ని వదులుకోవడమే మంచిది.

మన వాతావరణం గురించి ఈ హెడ్‌ఫోన్లు చేసేవాళ్ళు ఎవరూ ఆలోచించి ఉండరు. విజయవాడలోనో విశాఖలోనో మే నెల మధ్యాహ్నం తోలు ప్యాడ్లు ఇరవై నిమిషాలకే చెవుల చుట్టూ చెమట పట్టిస్తాయి. ఆ చెమట సీల్‌ని గట్టిపరుస్తుంది కూడా, అంటే బేస్ కాస్త పెరుగుతుంది, అది వేరే సంగతి, ఎక్కువసేపు పెట్టుకోలేం. ఏసీ గది లేకపోతే పూర్తి తోలు ప్యాడ్లున్న మోడల్ కొనకపోవడమే మేలు. హైఫైమాన్ వాళ్ళ ప్యాడ్లలో చర్మానికి తగిలేచోట గుడ్డ ఉంటుంది, అది ఎండకి చాలా నయం. మెజె ఎంపిరియన్‌కి తోలు, అల్కంటారా (మెత్తని గుడ్డ రకం) రెండు జతలూ పెట్టెలోనే వస్తాయి, వేసవిలో అల్కంటారా వేసుకోవచ్చు, కాకపోతే సౌండ్ ఒకటే ఉండదు, తోలుతో ఒకలా, అల్కంటారాతో ఒకలా ఉంటుంది. అసలు తోలు కాకుండా పైన పూత పూసిన రెక్సిన్ రకం ప్యాడ్లు తేమకి రెండు మూడేళ్ళలో పొలుసులు పొలుసులుగా ఊడతాయి, తీరప్రాంతంలో ఇంకా ముందే.

ప్యాడ్ ఊడకపోయినా లోపలి ఫోమ్ నలిగిపోతుంది, నలిగితే డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, లోపలి గాలి పరిమాణం తగ్గుతుంది, మొదట్లో ఉన్న సౌండ్ ఉండదు. ఇది రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి వాడేవాళ్ళకి తెలీదు, కొత్త ప్యాడ్లు వేసిన రోజు తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఆర్యనో ఎల్‌సీడీ-ఎక్స్‌నో తీసుకునేటప్పుడు మొదట వేలితో నొక్కి చూడాల్సింది ప్యాడ్ అంచునే, నొక్కి వదిలాక మెల్లగానైనా పూర్తిగా పైకి రావాలి, సగంలో ఆగిపోతే కొత్త జత ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి, వేయించేది అదే కంపెనీ ప్యాడ్ అయ్యుండాలి, బయటి కంపెనీ ప్యాడ్ ఎంత మెత్తగా ఉన్నా దాని మందం, రంధ్రాలు వేరు కాబట్టి సౌండ్ ఇంకో హెడ్‌ఫోన్‌దే వస్తుంది.